కువైట్ నివాసి జీవరాజు గారికి పౌర సన్మానం

మంజీర తీర చెరకు రైతుల సంఘం అధ్యక్షులు శ్రీ బాపురావు పటేల్ గారు 1970 జనవరి నెలాఖరున, చెరకు సీజన్ మంచి ఊపులో ఉండగా, బోధన్ బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో విలేఖరుల సమావేశం పెట్టి ఒక చారిత్రాత్మక ప్రకటన చేశారు. విలేఖరులంటే ఒక్కరే వచ్చారు. ఆయన పేరు దేవిదాస్. నిజామాబాద్‌లో అచ్చయ్యే ఒక వారపత్రికకు బోధన్ విలేఖరి, మిగతా వేళల్లో బాపురావు గారి సంఘంలోనే గుమాస్తా. కాబట్టి ప్రకటన రాసిందీ ఆయనే, విన్నదీ ఆయనే, అచ్చుకు పంపిందీ ఆయనే.

ప్రకటన ఏమంటే: ఈ గడ్డ మీద పుట్టి, ఈ గాలిలో బెల్లం వాసన పీల్చి పెరిగి, ఏడేండ్లుగా కువైట్ దేశంలో నివసిస్తూ బోధన్ పేరును సముద్రాల అవతల మార్మోగిస్తున్న శ్రీ జీవరాజు గారికి త్వరలో మంత్రివర్యుల అమృతహస్తాల మీదుగా పౌర సన్మానం జరుగును.

జీవరాజు కువైట్‌లో చేసే పని పైపులు బిగించడం. అక్కడి చమురు కంపెనీలో ఎక్కడ ఏ పైపు కారినా ఆయన పేరు పెట్టే కేక వేస్తారు. కాబట్టి పేరు మార్మోగుతున్న మాటలో అబద్ధమేమీ లేదు.

అసలు బాపురావు గారికి ఈ ఆలోచన ఎందుకు వచ్చిందో చెప్పుకోవాలి. లేకపోతే గొప్పవాళ్లకు ఆలోచనలు ఊరికే వస్తాయని జనం అనుకుంటారు. ఆయనకు పంచాయతీ సమితి అధ్యక్ష పదవికి పార్టీ టికెట్ కావాలి. టికెట్ మంత్రిగారి చేతిలో ఉంది. మంత్రిగారు బోధన్ రావాలి, బాపురావు గారి పక్కన నిలబడాలి, ఫోటో దిగాలి. కల్వర్టు ప్రారంభానికి పిలిస్తే రాలేదు. ఎడ్ల ప్రదర్శనకు పిలిస్తే రాలేదు. "రోజూ ఇవే కదయ్యా! ఏదన్నా అంతర్జాతీయ స్థాయిలో ఉంటే చెప్పు" అన్నారట. బోధన్‌లో అంతర్జాతీయం ఎక్కడ దొరుకుతుందిరా భగవంతుడా అని బాపురావు గారు జీపులో పోతూ దిగులుపడుతున్న వేళ, కాలువ పక్కన కొత్త ఇటుక గోడలు లేపుతూ జీవరాజు కనిపించాడు.

పటేల్ గారు జీపు ఆపించి స్వయంగా ఆ గోడల దగ్గరికి నడిచారు. దేవిదాస్ వెనకాల గొడుగు పట్టాడు. జనవరిలో ఎండా లేదు, వానా లేదు. అయినా అధ్యక్షుడన్నాక గొడుగు ఉండాలని దేవిదాస్ అభిప్రాయం.

ఆ జాగ చూపించింది కూడా బాపురావు గారే. మిషన్ వాడలో గుడిసె వేసుకుని బతుకుతున్న జీవరాజు, కువైట్ నుంచి నాలుగు రాళ్లు వెనకేసుకుని వచ్చి ఇల్లు కట్టుకుంటానంటే, "నా కాలువ గట్టు జాగ ఉన్నది, కట్టుకో పో" అన్నారు. పట్టా ఇవ్వలేదు, మాట ఇచ్చారు. పటేల్ మాట పట్టాకన్నా గట్టిదని ఊళ్లో ఒక నమ్మకం. ఆ నమ్మకం ఊళ్లోకి తెచ్చింది పటేల్ గారే.

"సన్మానం నాకెందుకు పటేలా? పైపులు బిగించెటోన్ని" అన్నాడు జీవరాజు, చేతులు లుంగీకి తుడుచుకుంటూ.

"గదే మరి! ఎవ్వల పైపులు బిగించినవ్? పరాయి రాజ్యపోల్లయి! మన ఫ్యాక్టరీల బిగిస్తే నిన్ను ఎవ్వడు అడుగుతడు?"

"సెలవు మీద అచ్చిన పటేలా. మూడు నెలలల్ల వాపస్ పోవాలె. ఆ దేశం దాటి ఆర్నెల్లకు మించి బయట ఉంటే అక్కడ నాకు నివాసం లేనట్టే లెక్క. మా మలయాళీ సూపర్‌వైజర్ మరీ మరీ చెప్పి పంపిండు."

"లేకుంటె ఏడికి పోతది? నీ నంబర్ మీద ఇంకోన్ని ఎక్కిస్తరా?"

ఇక్కడ చదువరులకు ఒక సంగతి చెప్పాలి. బోధన్ చుట్టుపక్కల పుట్టినవాడికి నౌకరీ అంటే ఒకటే నమూనా. చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ పని. చెరకు వచ్చినన్నాళ్లు పని, ఎండాకాలం రాగానే ఇంటికి, మళ్లీ సైరన్ మోగగానే ఎవరి నంబరు మీద వాళ్లు హాజరు. నంబరు ఎక్కడికీ పోదు. పెండ్లి అనో, జ్వరమనో ఆలస్యమైందనుకోండి, టైంకీపర్‌కు బాపురావు గారి చిట్టీ ఒకటి పట్టుకుపోతే సరి. ఇరవై ఏండ్లుగా ఆ చిట్టీ పట్టుకుపోయి వెనక్కి వచ్చినవాడు లేడు. కువైట్ కూడా ఇలాంటిదే, కాకపోతే కొంచెం దూరం అని బాపురావు గారు నమ్మారు. ఆయన నమ్మితే ఊరు నమ్మినట్టే.

"నంబర్ కాదు పటేలా, ముద్ర" అన్నాడు జీవరాజు. గోడకు తగిలించిన సంచిలోంచి పాస్‌పోర్టు తెచ్చి ముద్ర ఉన్న పేజీ తెరిచి చూపించాడు. "గడువు దాటితే గీ ముద్ర సచ్చిపోతది."

బాపురావు గారు ముద్రను అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. వేలితో గోకి చూశారు. "సక్కగున్నది గదనే. గిసొంటి ముద్ర ఎట్ల సస్తది? మా సంఘం ముద్ర ఇరవై ఏండ్ల సంది కొడ్తున్నం. రబ్బర్ అరిగింది గని, సావలేదు."

"నిజమే" అన్నాడు దేవిదాస్.

"ఇది నా తాన ఉండనియ్ జీవరాజూ. మంత్రిగారికి సూపియ్యాలె. తిజోరీల పెడ్త. నీ తాన ఉంటే ఎలుకలు కొడ్తయ్" అని పాస్‌పోర్టు జేబులో వేసుకుని పటేల్ గారు జీపెక్కారు. జీవరాజు నోరు తెరిచి ఏదో అనబోయాడు. అతను నిలబడ్డ జాగ పటేల్ గారిది. తెరిచిన నోరు మూసుకున్నాడు.

సన్మానానికి మంత్రిగారు ఇచ్చిన మొదటి తేదీ ఫిబ్రవరిలో వచ్చింది. బస్టాండు నుంచి సంఘం ఆఫీసు దాకా పచ్చి చెరకు గడలతో ఆర్చీలు కట్టారు. జీవరాజు కువైట్‌లో కొనుక్కున్న సూటు తొడుక్కుని పొద్దుటి నుంచి నిలబడ్డాడు. మంత్రిగారి పీఏ ఫోన్ చేసి క్యాబినెట్ మీటింగ్ ఉందన్నాడు. ఆర్చీలను బడి పిల్లలు సాయంత్రానికల్లా నమిలేశారు. సభ విజయవంతమైందని దేవిదాస్ ముందే రాసి పంపిన వార్త ఆ వారం అచ్చయింది కూడా.

రెండో తేదీ ఏప్రిల్‌లో. మంత్రిగారికి ఎండ పడలేదు. జీవరాజు మీద పడింది. సూటులో నిలబడి నిలబడి కళ్లు తిరిగి పడిపోతే సోడా కొట్టి లేపారు. "విదేశంల ఉన్నోడు గదా, మన ఎండకు తట్టుకోలేడు" అని జనం జాలిపడ్డారు. కువైట్‌లో ఎండ ఎంతో చెప్పే ఓపిక అతనికి అప్పుడు లేదు.

మూడోసారి మే చివర మంత్రిగారు నిజంగానే బయలుదేరారు. నిజామాబాద్ దాకా వచ్చారు. అక్కడ భోజనం చేశారు. భోజనం బాగా కుదిరింది. కాసేపు నడుం వాల్చారు. లేచేసరికి హైదరాబాద్ వైపు తిరిగి పోవలసిన వేళ అయింది. ఈసారి ఆర్చీలకు చెరకు లేదు, క్రషింగ్ అయిపోయి నెల దాటింది. జొన్న దంట్లతో కట్టారు. మంత్రిగారు కారు అద్దంలోంచి చూస్తారు కాబట్టి తేడా తెలియదని బాపురావు గారు ధైర్యం చెప్పారు.

జూన్‌లో మబ్బు కమ్మింది. జీవరాజు భార్య గంగమ్మ ఆ మబ్బు చూసి మొగుణ్ణి వెంటబెట్టుకుని సంఘం ఆఫీసుకు వచ్చింది. ఆమె మాట మెత్తన కాదు. పొలాల్లో కలుపు తీసే ఆడవాళ్లలో ఆమె గొంతు రెండు మళ్ల అవతలికి వినబడుతుంది.

"పటేలా, ఈయన కాయిదం ఈయనకియ్యి" అంది గుమ్మంలోనే.

"రా గంగమ్మా, కూసో. చాయ్ తాగుతవా?"

"చాయ్ వద్దు, ఏమొద్దు. గోడలు మట్టితోని లేపినం. నెత్తి మీద కప్పు లేదు. వాన గట్టిగ కొడ్తె గోడలన్ని కాలువల కలుస్తయ్. గోడలు ఈడున్నయి గని కప్పు కువైట్‌ల ఉన్నది పటేలా. ఈయన పోయి నెల జీతం పంపితేనే స్లాబ్ పడ్తది. కంపెనోల్లు సెలవు పెంచి పెంచి ఇసిగిండ్రు. జల్ది రమ్మని టెలిగ్రాం మీద టెలిగ్రాం కొడ్తుండ్రు."

జీవరాజు ఆమె వెనక నిలబడి, "అవును పటేలా. గడువు దగ్గరికచ్చింది" అన్నాడు మెల్లగా.

బాపురావు గారి మనసు కదిలింది. ఆయన కఠినుడు కాడు. ఎదుటివాళ్ల కష్టం వింటే ఆయనకు తన కష్టం గుర్తొస్తుంది. "నా బాధ ఎవ్వలకు చెప్పాలె గంగమ్మా! మంత్రి జులైల పక్కా డేటిచ్చిండు. అంతలకు వీడు పోతే మంత్రి ముంగట నా ఇజ్జత్ ఏం గావాలె? దండ నా మెడల నేనే ఏసుకోవాల్నా?"

ఆ ఉపాయం కూడా బాగానే ఉందని దేవిదాస్‌కు అనిపించింది, కాని పైకి అనలేదు.

"నీ ఇజ్జత్‌కు మా కప్పుకు ఏం సంబంధం పటేలా?" అంది గంగమ్మ.

"నీకు ముద్ర సస్తదని భయం, అంతే గదా? నేనున్న. చిట్టీ రాసిస్త. ఇగ ఫికర్ జెయ్యకు."

చిట్టీ అక్కడికక్కడే తయారైంది. 'కువైట్ దేశపు గేటు ఆఫీసరు గారికి బాపురావు పటేల్ నమస్కరించి వ్రాయునది. ఈ చిట్టీ తెచ్చువాడు మనవాడు. ఇక్కడ సన్మానం వల్ల ఆలస్యమైనది. లోపలికి తీసుకోగలరు. మీకు ఈ వైపున ఏ పని పడినా మొహమాటపడక తెలుపగలరు.' కువైట్ వాళ్లకు తెలుగు రాదేమోనని దేవిదాస్ అనుమానపడితే, తహసీలు ఆఫీసు అరుగు మీద కూర్చునే మున్షీతో ఉర్దూలో కూడా రాయించారు. కింద చెరకు గడ బొమ్మ ఉన్న సంఘం ముద్ర రెండుసార్లు కొట్టారు. ఒకటి చచ్చినా ఇంకొకటి ఉంటుందని.

బయటికి వచ్చాక గంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "గిది సూసి లోపటికి రానిస్తరా? నువ్వన్న గట్టిగ అడగొద్దా? నోట్లె నాలుక లేదా?"

"జాగ ఆయనది గంగూ" అన్నాడు జీవరాజు. "గోడలు లేచినంక ఎట్ల కొట్లాడుత?"

జులైలో మంత్రిగారు వచ్చారు! జీవరాజు గడువుకు ఇంకా కొద్ది రోజులే మిగిలి ఉన్నాయి. ముసురు పడుతున్నా జనం బాగా వచ్చారు. చెరకు నరికి ఫ్యాక్టరీకి తోలడానికి సంఘం ఇచ్చే కటింగ్ ఆర్డర్లు సభకు వచ్చినవాళ్లకే ముందు ఇస్తామని పటేల్ గారు ఎక్కడా చెప్పలేదు. దేవిదాస్ చెప్పాడు. ముందు వరుసలో తహసీలు ఆఫీసు గుమాస్తా రాజేశ్వర్ మొదలుకొని ఊరి పెద్దలంతా కూర్చున్నారు.

మంత్రిగారి ప్రసంగం అద్భుతంగా సాగింది. "కువైట్ నివాసి శ్రీ జీవరాజు గారిని చూస్తుంటే నాకు ఆనందంగా ఉంది. ఎక్కడి కువైట్, ఎక్కడి బోధన్! ఇలాంటి విదేశీ మిత్రులు మన ప్రాంతానికి వచ్చి, మన ఆతిథ్యం స్వీకరించి, మన చెరకు చూసి ముచ్చటపడుతున్నారంటే దానికి కారణం ఎవరు? బాపురావు! కువైట్ రైతాంగం కూడా బోధన్ రైతులను ఆదర్శంగా తీసుకుని, ఇసుకలో చెరకు వెయ్యాలని వీరి ద్వారా సందేశం పంపుతున్నాను."

చప్పట్లు మోగాయి. జీవరాజు, 'నేను విదేశీ మిత్రుణ్ణి కాదు సార్, మిషన్ వాడ బాలవ్వ కొడుకును' అని చెప్పాలనుకున్నాడు. మైకు పటేల్ గారి చేతిలో ఉంది. తర్వాత శాలువా కప్పారు, గజమాల వేశారు, పళ్లెంలో పూల మధ్య పెట్టి పాస్‌పోర్టు తిరిగి అతనికే బహూకరించారు. ఫోటోగ్రాఫర్ సరిగ్గా ఆ క్షణాన్నే మీట నొక్కాడు. ఫోటోలో మంత్రిగారు ఉన్నారు, బాపురావు గారు ఉన్నారు, పాస్‌పోర్టు కూడా ఉంది. జీవరాజు గజమాల వెనక ఉన్నాడు.

కారెక్కుతూ మంత్రిగారు బాపురావు గారి భుజం తట్టి, "టికెట్ సంగతి చూద్దాంలే" అన్నారు. ఆ తట్టిన భుజాన్ని పటేల్ గారు రెండు రోజులు ఎవరికీ తగలనివ్వలేదు.

జీవరాజు శాలువాతోనే స్టేషనుకు పరిగెత్తాడు. మన్మాడ్ బండి పట్టుకుని బొంబాయి పోయాడు. ఓడ కోసం రేవులో పడిగాపులు పడ్డాడు. ఓడ దొరికింది. సముద్రం మీద ఎన్ని దండాలు పెట్టుకున్నా ఓడ తన వేగంతోనే తను పోయింది.

వినాయక చవితి పందిళ్లు వేస్తున్న రోజుల్లో, బాపురావు గారు సంఘం ఆఫీసులో టికెట్ వచ్చిన సంతోషంతో అభినందనలు అందుకుంటుండగా, జీవరాజు ట్రంకు పెట్టెతో గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి సగమైపోయాడు. గడ్డం పెరిగింది.

"ఏందిరా, గప్పుడే సెలవు మీద అచ్చినవా?" అన్నారు పటేల్ గారు.

"దిగనియ్యలేదు పటేలా. వాపస్ పంపిండ్రు."

"ఎవ్వడు?"

"రేవుల ఆఫీసరు. ముద్ర సూసిండు. నేను ఎన్నడు బయటికి పోయిన్నో ఆ తారీఖు సూసిండు. ఏళ్లు మడిచి నెలలు లెక్కపెట్టిండు. ఆరు దాటినయ్. పాస్‌పోర్టు మూసి నా చేతుల పెట్టిండు."

"చిట్టీ ఇయ్యకపోతివా!"

"ఇచ్చిన."

"సదివిండా?"

"ఉర్దూ అచ్చినోన్ని పిలిచి మొత్తం సదివిచ్చుకున్నడు. మంచిగ రాసిండ్రన్నడు. కింద ముద్రల ఉన్న గడ ఏం చెట్టని అడిగిండు. చెరకన్న. సలాం చెప్పుమన్నడు మీకు. అదే ఓడల వాపస్ ఎక్కిచ్చిండు."

బాపురావు గారికి నిజంగానే అర్థం కాలేదు. "సలాం చెప్పి గూడ లోపటికి తీసుకోలేదా?" అని ఇంకోసారి అడిగారు. ఇరవై ఏండ్ల చిట్టీల చరిత్రలో ఇలాంటిది జరగలేదు. చివరికి ఆ ఆఫీసరు పార్టీకి వ్యతిరేకి అయి ఉంటాడని తేల్చారు.

జీవరాజు ట్రంకు పెట్టె మీద కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. "ఏడేండ్ల కష్టం పటేలా. ఒక్క ముద్ర మీద నిలబడ్డది నా బతుకు. ఇప్పుడు ఏం జెయ్యాలె నేను? కప్పు లేని గోడల మధ్యల పెండ్లాం పొయ్యి పెట్టుకున్నది."

దేవిదాస్ కలం తీశాడు. ఆ వారం పత్రికలో ఇలా వచ్చింది: 'మాతృభూమి పిలుపు! కువైట్ వైభోగాన్ని తృణప్రాయంగా త్యజించిన జీవరాజు గారు. అధ్యక్షులు బాపురావు గారి ప్రేరణే కారణమని కన్నీటితో వెల్లడి.' కన్నీటి మాట వరకు వార్త పూర్తిగా నిజం.

త్యాగం చేసినవాణ్ణి ఊరికే వదిలేస్తే బాగుండదు. ప్రభుత్వ వర్క్‌షాపులో ఫిట్టర్ నౌకరీ ఒకటి ఖాళీగా ఉంటే, ఈలోగా ఎన్నికలో గెలిచి సమితి అధ్యక్షులయిన బాపురావు గారు స్వయంగా ఫోన్ చేసి ఖాయం చేశారు. ఇక కావలసింది ఒక్కటే, ముల్కీ సర్టిఫికెట్. ఈ ప్రాంతంలో సర్కారు నౌకరీ చెయ్యాలంటే ఈ ప్రాంతంవాడేనని తహసీలు ఆఫీసు కాగితం ఇవ్వాలి. కిందటేడు ముల్కీ లొల్లిలో బస్సులు తగలబడ్డ దగ్గర్నుంచి ఆ కాగితం మీద ఆఫీసర్లు ఊపిరి కూడా జాగ్రత్తగా వదులుతున్నారు. అయినా నాయకుడు వెంట ఉండగా భయమేముంది? జీవరాజును, గంగమ్మను జీపులో కూర్చోబెట్టుకుని వెళ్లారు.

గుమాస్తా రాజేశ్వర్ కుర్చీ వేశాడు, పటేల్ గారికి.

"ఏ ఊరు?" అన్నాడు జీవరాజును చూసి.

"గదేంది రాజేశ్వర్ సార్, ఇదే ఊరు. నువ్వు నేను ఒక్క బడిల సదివినం. మంజీరల ఈతకు పోయినం."

"పోయినం. ఏడేండ్ల సంది ఏడున్నవ్?"

"కువైట్ల."

"నివాసం తెగింది మరి."

"పుట్టిందీడ గద సారూ, మా అత్త కలుపు తియ్యని పొలం లేదీడ!" అంది గంగమ్మ.

"అవ్వా, నేను సభల ముంగటి వరుసల కూసున్న. మంత్రిగారు మైకుల ఏమన్నరు? కువైట్ నివాసి అన్నరు. విదేశీ మిత్రుడు అన్నరు. ఇప్పుడు నేను ముల్కీ అని సంతకం పెట్టిన్నంటే, మంత్రిగారు అబద్ధమాడినట్టు గాదా? పటేల్ సాబ్, మీరే చెప్పుండ్రి. మంత్రిగారు అబద్ధమాడిండ్రా?"

జీవరాజు, గంగమ్మ బాపురావు గారి మొహం కేసి చూశారు. ఒక్క మాట. ఆయన అవునంటే జీవరాజు ఈ ఊరివాడు. ఆయన కళ్లజోడు తీశారు, తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు.

"మంత్రిగారు ఎన్నడు అబద్ధమాడరు" అన్నారు.

జీవరాజు పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టాడు. "మూడు సింహాలున్నయ్ సార్. ఇండియా అని రాసున్నది."

"పాస్‌పోర్టు బయటికి పోయెటోనికి. నువ్వు లోపటికి అచ్చినవ్" అన్నాడు రాజేశ్వర్ ఓపికగా. "కువైటోల్లు కాదన్నరు. ఈడ ముల్కీ గాదు. కాయిదాల మీద సూస్తే ఈ మనిషి ఇప్పుడు ఏడ లేడు."

"ఏడనో ఒకకాడ ఉండాలె గద!" అన్నారు బాపురావు గారు. సమస్య ఎంత పెద్దదైతే అంత చురుకుగా పనిచేసే బుర్ర ఆయనది. ఆయనా రాజేశ్వరూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. ఒక గౌరవనీయుడైన స్థానికుడు జామీను ఉంటే, విదేశీయుడు ఈ ఊళ్లో ఏడాది పాటు ఉండవచ్చని, ఏటేటా ఆ జామీనుదారు సంతకంతో పొడిగించుకోవచ్చని తేలింది. గౌరవనీయుడైన స్థానికుడి కోసం వెతకవలసిన పని లేకపోయింది. ఇంకొక చిన్న సంగతి కూడా తేలింది. విదేశీయుడి చేతిలో ఇంటి జాగ ఉండకూడదట. అది ఎవరు ఇచ్చారో వాళ్లకే తిరిగి చేరాలట. పటేల్ గారు బాధపడుతూనే ఒప్పుకున్నారు.

"నేనేం పాపం జేసిన్నని?" అని గంగమ్మ గట్టిగా అరిచింది. "మా గోడలు! మా చేతులతోని పెట్టిన ఇటుకలు!"

"గోడలు ఏడికి పోతయ్ గంగమ్మా? ఆడనే ఉంటయ్" అని బాపురావు గారు ఓదార్చారు.

ఆయన మాట తప్పలేదు. గోడలు అక్కడే ఉన్నాయి. సమితి నిధులతో వాటి మీద నెల తిరక్కుండా స్లాబు పడింది. సున్నం వేశారు, కిటికీలకు పచ్చరంగు వేశారు, పైన 'విదేశీ అతిథి గృహము' అని బోర్డు పెట్టారు. అంతర్జాతీయ అతిథులు వస్తున్న ఊళ్లో అలాంటిదొకటి లేకపోవడం సిగ్గుచేటని బాపురావు గారు సమితిలో తీర్మానం చేయించారు. నల్లా పైపులన్నీ జీవరాజే బిగించాడు. కూలి ఇద్దామని చూశారు గాని, విదేశీయుడికి కూలి ఇచ్చే పద్దు సమితి లెక్కల్లో లేదు.

ఈసారి ప్రారంభోత్సవానికి మంత్రిగారు ఇచ్చిన మొదటి తేదీకే వచ్చారు. ఆ రోజు ఆయనకు ఇది మూడో ప్రారంభోత్సవం, మొహాలన్నీ ఒక్కలాగే కనిపిస్తున్నాయి. రిబ్బను కత్తిరించి, కొత్త కప్పు కింద సోఫాలో కూర్చుని, చుట్టూ చూసి చాలా బాగుందన్నారు. వెనక గదిలో గంగమ్మ మంత్రిగారి భోజనానికి రొట్టెలు చేస్తోంది. ఆ గది వంటకే అని గోడలు లేపేటప్పుడు ఆమే చెప్పింది.

సూటు తొడుక్కుని గుమ్మం పక్కన నిలబడ్డ మనిషి మంత్రిగారి కంటబడ్డాడు.

"వీరు?"

"కువైట్ సార్" అన్నారు బాపురావు గారు. "ఈడనే ఉంటుండు. అన్ని కాయిదాలు నేనే ఇప్పిచ్చిన."

"బాగు, బాగు!" మంత్రిగారు లేచి చేయి కలిపారు. పరాయి దేశం మనిషికి అర్థం కావాలని ఒక్కొక్క మాట విడివిడిగా పలికారు. "మా ఊరు... ఎలా ఉంది... మీకు?"

జీవరాజు తలెత్తి కప్పు వైపు చూశాడు. "మంచిగున్నది సార్."

"అరె, తెలుగు కూడా నేర్చుకున్నారే! ఇంకా ఎన్నాళ్లు ఉంటారు?"

జీవరాజు బాపురావు గారి వైపు చూశాడు. లోపల రొట్టె కొడుతున్న చప్పుడు ఆగింది.

"పటేల్ ఉండమన్నన్ని రోజులు సార్."

మంత్రిగారికి ఆ వినయం ఎంతో నచ్చింది. "చూశావా బాపురావు, విదేశీయుల క్రమశిక్షణ! మన ఊరివాళ్లకు ఇది ఎప్పుడొస్తుందయ్యా?" అంటూ భోజనానికి లేచారు.